పారిస్‌లో స్నేహితులతో రాత్రి భోజనం: ఫ్రెంచ్ రెస్టారెంట్ ఎంచుకునే పద్ధతి

పారిస్‌లో రాత్రి భోజనాలు చెడిపోయేది చాలాసార్లు వంట బాగోలేక కాదు. ఎనిమిది మంది కలిసి ముప్పై కుర్చీల బిస్ట్రోకి (చిన్న రెస్టారెంట్‌కి) చెప్పాపెట్టకుండా వెళ్ళడం, శాకాహారులిద్దరికీ ఆకుల సలాడ్ తప్ప ఏమీ దొరక్కపోవడం, మాటలు మంచి ఊపులో ఉండగా బల్ల ఖాళీ చెయ్యమని వెయిటర్ రావడం, చివర్లో బిల్లు దగ్గర లెక్క తేలకపోవడం. ఇవన్నీ ముందే ఫోన్ పట్టుకుని సరిచేసుకోగలిగినవే. అందుకే ఈ పద్ధతిలో రేటింగులూ నక్షత్రాలూ బాగా వెనక్కి వెళ్ళిపోతాయి. ముందు మీ బృందం లెక్క, తర్వాత ఎలాంటి రెస్టారెంట్ కావాలో, ఆ తర్వాతే పేరు.

1. ఎవరు ఏం తినరో ముందు రాసుకోండి

వాట్సాప్ గ్రూపులో "ఫ్రెంచ్ భోజనం ఓకేనా?" అని అడిగితే అందరూ సరే అంటారు. ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. విడివిడిగా అడగండి: బీఫ్ తింటారా? పోర్క్? చేప? గుడ్డు? కూరలో వైన్ పడితే ఇబ్బందా? ఆ రోజు శనివారమో, మొక్కో ఉండి నీచు ముట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? తలకి ఎంత దాకా పెట్టగలరు?

ఇంత వివరంగా అడగడం ఎందుకంటే, ఫ్రెంచ్ వంటలో మాంసం కంటికి కనిపించే చోటే కాదు, కనిపించని చోట కూడా ఉంటుంది.

బీఫ్ తిననివాళ్ళు మెనూలో "బఫ్" అన్న మాట ఒక్కటి చూసుకుంటే చాలదు. ఆంత్రకోత్, బావెత్, ఫో-ఫిలే, ఓంగ్లే అన్నవన్నీ బీఫ్ ముక్కల పేర్లే. "వో" అని ఉంటే దూడమాంసం. బ్లాంకెత్ ద వో అని తెల్లటి సాస్‌లో వచ్చేది అదే. "రీ ద వో" అన్నది చెవికి బియ్యంలా వినిపిస్తుంది గానీ దూడ మెడ దగ్గరి గ్రంథి. కోడికీ చేపకీ పోసే గోధుమరంగు సాస్‌లో కూడా దూడ ఎముకల రసం కలిసి ఉండొచ్చు. ఉల్లిపాయ సూప్ చాలాచోట్ల బీఫ్ ఎముకల రసంతోనే కాస్తారు. కొన్నిచోట్ల ఆలూ వేపుళ్ళు కూడా పశువు కొవ్వులో వేగుతాయి.

పోర్క్ వద్దంటే "లార్దోన్" అన్న మాట గుర్తుపెట్టుకోండి. వేలెడంత పందిమాంసం ముక్కలు, సలాడ్లలోనూ పప్పుల సలాడ్లలోనూ చెప్పకుండానే పడుతుంటాయి. కీష్ లొరెన్, క్రోక్ మస్యో రెండిట్లోనూ పోర్క్ ఉంటుంది. "తెరీన్" అని ముక్క కోసి ఇచ్చే మాంసపు దిమ్మె కూడా ఎక్కువగా దానితోనే చేస్తారు.

శాకాహారులతో ఇంకో చిక్కు ఉంది. "వెజిటేరియన్" అంటే చేప తింటారేమో అనుకునే వెయిటర్లు ఇప్పటికీ ఉన్నారు. మాంసం, చేప, ఎముకల రసం మూడూ వద్దని విడిగా చెప్పాలి. కోంతే, రోక్‌ఫోర్ లాంటి సంప్రదాయ చీజ్‌లని పశువుల కడుపులోంచి తీసే రెనెట్‌తో విరగ్గొడతారు. దీన్ని పట్టించుకునేవాళ్ళు చీజ్ పళ్ళెం జోలికి వెళ్ళకపోవడం మేలు. గుడ్డు తిననివాళ్ళకి తీపి దగ్గరే అసలు కష్టం. క్రెమ్ బ్రూలే, చాక్లెట్ మూస్, ఇల్ ఫ్లోతాంత్ అన్నీ గుడ్డు మీదే నడుస్తాయి. సోర్బే (పళ్ళరసపు ఐస్), పళ్ళు మిగులుతాయి. సోర్బేలో కూడా తెల్లసొన వేశారేమో అడగాలి.

మద్యం పడే వంటకాలు: కోక్ ఓ వాన్ (వైన్‌లో ఉడికించిన కోడి), బఫ్ బుర్గిన్యోన్ (ఎర్ర వైన్‌లో ఉడికించిన బీఫ్), మూల్ మరినియేర్ (తెల్ల వైన్‌లో ఉడికించిన ఆల్చిప్పలు), బాబా ఓ రమ్ (రమ్‌లో నానిన కేకు), క్రెప్ సూజెత్ (లిక్కర్ పోసిన పలచటి అట్టు). ఉడికితే పోతుందని సర్దిచెప్పే స్నేహితుడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. పూర్తిగా పోదు, ముఖ్యంగా బాబాలో అసలు పోదు, దాని మీద పచ్చి రమ్ పోసి ఇస్తారు.

హలాల్ కావాలంటే మామూలు బిస్ట్రోలో దొరకదనే అనుకోండి. వైన్ పడని చేప వంటకం ఒక దారి. లేదంటే ఆ రాత్రికి ఫ్రెంచ్ పక్కనబెట్టి హలాల్ మాంసం వాడే ఉత్తరాఫ్రికా కూస్‌కూస్ రెస్టారెంట్‌కి వెళ్ళడం. అది కూడా పారిస్ భోజనమే.

2. రెస్టారెంట్ రకం తేల్చుకోండి

పారిస్‌లో బోర్డు మీద రాసిన రకాన్ని బట్టే ధర, సమయం, బల్ల సైజు, మర్యాద మారిపోతాయి. ఇక్కడ తప్పితే తర్వాత ఎన్ని జాగ్రత్తలు పడినా లాభం లేదు. కింద చెప్పిన ధరలు తలకి, వైన్ కాకుండా, సుమారుగా. యూరోని వంద రూపాయల పైచిలుకుగా లెక్కేసుకోండి.

బుయోన్. 20 నుంచి 25 యూరోలు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దువాల్ అనే మాంసం వ్యాపారి లె ఆల్ మార్కెట్ కూలీల కోసం మాంసపు రసం, ఉడికించిన మాంసం చవగ్గా పెట్టడంతో మొదలైన రకం ఇది. ఇప్పటికీ నగరంలో అతి చవకైన పూర్తి ఫ్రెంచ్ భోజనం ఇక్కడే. ర్యూ ద్యు ఫోబూర్ మోన్‌మార్త్‌లోని బుయోన్ షార్తియే 1896 నాటిది. వారంలో ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. రిజర్వేషన్ ఉండదు, వరసలో నిలబడాలి. ఖాళీ కుర్చీలుంటే మీ బల్ల దగ్గరే తెలియనివాళ్ళని కూర్చోబెడతారు, బిల్లు బల్ల మీద పరిచిన కాగితం మీదే రాసేస్తారు. పిగాల్‌లో 2017లో, రిపబ్లిక్‌లో 2021లో కొత్త తరం బుయోన్లు వచ్చాయి. ఎఫ్ మయోనేజ్ (ఉడికించిన గుడ్డు, మయోనేజ్), ప్వారో వినెగ్రెత్ (ఉల్లికాడ జాతి లీక్, ఆవ పులుపు), తర్వాత ఏదో ఒక మాంసం, చివర్లో వేడి చాక్లెట్ పోసిన ప్రాఫిట్రోల్. చదువుకునే పిల్లలకీ, కడుపు నిండితే చాలనుకునే బృందానికీ ఇదే. కానీ గంటన్నరకి మించి కూర్చోనివ్వరు. హాలంతా హోరు. పుట్టినరోజు ప్రసంగాలు పనికిరావు.

బిస్ట్రో. 35 నుంచి 50. ఇరవై ముప్పై కుర్చీలు, చిన్న వంటగది, నల్లపలక మీద సుద్దతో రాసిన మెనూ. ఫ్రెంచ్ వంట నిజంగా బాగుండేది ఇక్కడే. అయితే నలుగురికి అద్భుతం, ఆరుగురికి సరిపెట్టుకోవచ్చు, ఎనిమిది మంది అంటే సగం హాలు మీదే. వంటగదిలో ఇద్దరే ఉంటారు కాబట్టి ఎనిమిది పళ్ళాలు ఒకేసారి రావడం కష్టం.

బ్రాసరీ. 45 నుంచి 70. పెద్ద హాళ్ళు, నల్ల కోటు వెయిటర్లు, మంచు మీద పేర్చిన ఆయిస్టర్లు. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా వంటగది ఆగకుండా నడిచే చోట్లు ఎక్కువ. బాస్తీయ్ కూడలి దగ్గర బోఫింజే 1864 నాటిది, లిప్ 1880, మోంపర్నాస్‌లో లా కూపోల్ 1927. పది పన్నెండు మంది ఉన్నప్పుడు, ఒకరు ఆలస్యంగా రైలు దిగి వస్తున్నప్పుడు, ఇంతకంటే సుఖం లేదు. ఒక సంగతి మాత్రం: పేరున్న బ్రాసరీల్లో మీరు కట్టే డబ్బులో పెద్ద భాగం ఆ హాలుకీ అద్దాలకీ వెళుతుంది. కొత్తరకం ప్రయోగాలు ఆర్డర్ చెయ్యకండి. ఆయిస్టర్లు, సోల్ మెన్యేర్ (వెన్నలో వేయించిన సోల్ చేప), పోర్క్ తినేవాళ్ళయితే షూక్రూత్ (పులియబెట్టిన క్యాబేజీ, పందిమాంసం). అంతవరకే.

క్రెపరీ. 20 నుంచి 28. శాకాహారులు సగం మంది ఉంటే ఇంకేమీ ఆలోచించకండి. బ్రిటనీ రైళ్ళన్నీ మోంపర్నాస్ స్టేషన్‌కే వస్తాయి, ఆ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు స్టేషన్ చుట్టుపక్కలే కొట్లు పెట్టారు. అందుకే ర్యూ ద్యు మోంపర్నాస్, ర్యూ దొదెసా వీధుల్లో వరసగా క్రెపరీలే. ఉప్పువైపు గలెత్, అంటే బక్‌వీట్ పిండితో పెనం మీద పలచగా వేసేది. తీపివైపు గోధుమపిండి క్రెప్. "కోంప్లెత్" అని అడిగితే హామ్, చీజ్, గుడ్డు వస్తాయి. "సాన్ జాంబోన్" అంటే హామ్ తీసేస్తారు. పుట్టగొడుగులు, పాలకూర, మేకపాల చీజ్ రకాలు మామూలుగానే ఉంటాయి. గుడ్డు తిననివాళ్ళు పిండిలోనే గుడ్డు కలిపారేమో అడగాలి. గలెత్ పిండిలో సంప్రదాయంగా ఉండదు గానీ కలిపేవాళ్ళున్నారు, క్రెప్ పిండిలో తప్పకుండా ఉంటుంది. పెనం ఒకటే కావడంతో హామ్ కూడా దాని మీదే వేడెక్కుతుంది. మడి పాటించేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి.

చిన్న పళ్ళాల వైన్ బార్. మన బృందాలకి స్వభావరీత్యా సరిపోయేది ఇదే. సంప్రదాయ రెస్టారెంట్లో ఎవరి పళ్ళెం వాళ్ళదే. మధ్యలో పెట్టి అందరూ పంచుకోవడం అక్కడ అలవాటు కాదు. "ఆ పార్తాజే" అని రాసిన చోట మాత్రం పంచుకోవడానికే వండుతారు. నలుగురికి ఆరు నుంచి ఎనిమిది పళ్ళాలు లెక్క. ఒక్కోటి 8 నుంచి 16 యూరోలు పడుతుంది, వైన్ కూడా కలిస్తే చూస్తుండగానే బిల్లు బిస్ట్రో ధరకి చేరిపోతుంది. ఆకలి ఎక్కువున్న రోజున వెళ్ళకండి. నవంబరు మూడో గురువారం కొత్త బోజొలే వైన్ విడుదలయ్యే రాత్రి ఈ బార్లన్నీ వీధిలోకి పొంగిపొర్లుతాయి.

మిషెలాన్ గైడ్ నక్షత్రాల రెస్టారెంట్లు. తొంభై యూరోల నుంచి మొదలై ఆకాశం దాకా. మూడు గంటల భోజనం, చాలాచోట్ల బల్లంతా ఒకే మెనూ తీసుకోవాలి. గలగల నవ్వుకునే రాత్రికి ఇది చోటు కాదన్నది మా అభిప్రాయం. అంత కోరికుంటే మధ్యాహ్నం వెళ్ళండి, అదే వంటగది బాగా తక్కువకి పెడుతుంది. మిషెలాన్ గైడ్ 1900లో టైర్ల కంపెనీ కారు నడిపేవాళ్ళ కోసం మొదలుపెట్టింది, నక్షత్రాలు 1926లో వచ్చాయి. స్నేహితుల రాత్రికి పనికొచ్చేది మాత్రం 1997లో పెట్టిన బిబ్ గుర్మాన్ జాబితా. అందుబాటు ధరలో మంచి వంట అన్నదే దాని కొలత. గైడ్ వెబ్‌సైట్‌లో ఆ గుర్తు ఒక్కటే ఎంచుకుని వెతకొచ్చు.

3. రోజు, గంట

ఆదివారం, సోమవారం చాలా బిస్ట్రోలు మూత. ఆగస్టులో రెండు మూడు వారాలు యజమానులే సెలవు మీద వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో బుయోన్లు, బ్రాసరీలే దిక్కు.

రాత్రి వడ్డన ఏడింటికో ఏడున్నరకో మొదలై, వంటగది పదింటికో పదిన్నరకో ఆర్డర్లు ఆపేస్తుంది. స్థానికులు ఎనిమిది దాటాకే వస్తారు. డిమాండున్న చోట రెండు విడతలుంటాయి: ఏడింటి విడత, తొమ్మిది లేదా తొమ్మిదిన్నర విడత. మొదటి విడతలో బల్ల దొరకడం సులువు, కానీ రెండో విడతవాళ్ళు వచ్చేలోపు లేవాలి. తీరిగ్గా కూర్చోవాలంటే రెండో విడతే అడగండి. ఎనిమిది గంటలకి వెళ్ళి తొమ్మిదిన్నరకి ఖాళీ చెయ్యాల్సి వస్తే అది అన్నిటికంటే అన్యాయం. రిజర్వ్ చేసేటప్పుడే ఆ బల్ల మీకు ఎంతసేపో అడగాలి.

బయట టెర్రస్ మీద కూర్చోవాలని ముచ్చటపడే ముందు రెండు విషయాలు. 2008 నుంచి లోపల పొగతాగడం నిషేధం, కాబట్టి తాగేవాళ్ళంతా టెర్రస్ మీదే ఉంటారు. 2022 వసంతం నుంచి ఆరుబయట హీటర్లు కూడా నిషిద్ధం. నవంబరులో అక్కడ కూర్చుంటే సూప్ తాగేలోపే చల్లారిపోతుంది.

4. పేరు ఎంచుకోవడం, మెనూ చదవడం

లాటిన్ క్వార్టర్‌లో ర్యూ ద లా యుషెత్, మోన్‌మార్త్ కొండ మీద ప్లాస్ ద్యు తెర్త్, షాంజెలీజే. ఈ మూడు చోట్లా నడవండి, ఫోటోలు దిగండి, భోజనం మాత్రం వేరేచోట చెయ్యండి. 11వ అరోందిస్మాన్‌లో (నగరాన్ని విభజించిన వార్డు లాంటిది) ఒబెర్‌కాంఫ్, షరోన్ వైపు వీధులు, 10వ దాంట్లో సాన్ మార్తాన్ కాలువ ఒడ్డు, 9వ దాంట్లో ర్యూ దె మార్తీర్, 12వ దాంట్లో అలీగ్ర్ మార్కెట్ పరిసరాలు వెతకడానికి మంచి చోట్లు.

ఫ్రాన్స్‌లో ధరలతో సహా మెనూ బయటికి కనిపించేలా పెట్టడం చట్టం. లోపలికి వెళ్ళకముందే చదవొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. చూడాల్సినవి ఇవి.

మెనూ పొట్టిగా ఉండాలి. మొదటి వంటకాలు నాలుగైదు, అసలు వంటకాలు నాలుగైదు, తీపి నాలుగు. చిన్న వంటగదిలోంచి నలభై రకాలు వస్తున్నాయంటే వాటిలో సగం ఫ్రీజర్ నుంచి వస్తున్నట్టే. ఉల్లిపాయ సూప్, పిజ్జా, స్పెయిన్ వంటకం పాయెయ్యా ఒకే కాగితం మీద ఉంటే ముందుకి నడవండి. వంటకాల ఫోటోలు, ఆరు భాషల అనువాదం, తలుపు దగ్గర నిలబడి పిలిచే మనిషి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంతే.

కాలానికి తగ్గ సరుకుందా? తెల్ల ఆస్పరాగస్ వసంతంలో ఉండాలి. సాన్ జాక్ స్కాలప్‌ల వేట అక్టోబరు 1న మొదలై మే 15తో ఆగుతుంది, జూలైలో "తాజా" అంటే నమ్మకండి. గుమ్మడి జాతి పోతిమారోన్ సూప్, అడవిపంది, దుప్పి లాంటి వేటమాంసం శరత్కాలంవి. జనవరిలో టమాటా సలాడ్ పెట్టే బిస్ట్రోకి మిగతావాటి మీద కూడా శ్రద్ధ ఉండదు.

మెనూ మీద గిన్నెకి ఇంటి పైకప్పు మూతపెట్టినట్టుండే చిన్న బొమ్మ కనిపిస్తే అది "ఫే మేజోన్" గుర్తు, 2014 నుంచి వాడుకలో ఉంది. పచ్చి సరుకుతో అక్కడే వండారని అర్థం. కొన్ని మినహాయింపులున్నాయి, ఉదాహరణకి బ్రెడ్డు, చీజ్ బయట కొనొచ్చు. గుర్తు లేనంత మాత్రాన చెడ్డదని కాదు, ఉంటే ఒక ధీమా.

ఆన్‌లైన్ రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాల సగటు వదిలేసి, గత మూడు నెలల్లో ఫ్రెంచ్‌లో రాసినవి అనువాదం చేసుకుని చూడండి. "సర్వీసు నెమ్మది", "బిల్లు అడిగేదాకా తేలేదు" అని పర్యాటకులు రాసే ఫిర్యాదులు లెక్కలోకి తీసుకోకండి, అక్కడ మర్యాదే అది. "వేడిగా రాలేదు", "మెనూలో సగం లేవన్నారు", "బిల్లులో తినని వంటకం పడింది" అన్నవి రెండు మూడుసార్లు కనిపిస్తే మాత్రం పేరు కొట్టెయ్యండి. రివ్యూల్లోని ఫోటోల్లో తిండికంటే బల్లల్ని చూడండి: ఆరుగురు కూర్చున్న ఫోటో ఒక్కటీ లేదంటే ఆరుగురి బల్ల లేదన్నమాట.

5. రిజర్వేషన్

నలుగురికి, మామూలు రోజున, రెండు మూడు రోజుల ముందు చాలు. శుక్ర, శని రాత్రులకి వారం నుంచి రెండు వారాలు. ఎనిమిది దాటితే ఆన్‌లైన్ ఫారం సాధారణంగా ఒప్పుకోదు, ఫోన్ చెయ్యాలి లేదా మెయిల్ రాయాలి, రెండు మూడు వారాల ముందు. నలుగురేసి రెండు బల్లలు వేర్వేరు పేర్లతో బుక్ చేసి అక్కడికెళ్ళి కలుపుకుందాం అనే తెలివి పనిచెయ్యదు. వాళ్ళు కలపరు, పైగా ముఖం మాడ్చుకుంటారు.

ఫోన్ మధ్యాహ్నం మూడు నుంచి ఆరు మధ్య చెయ్యండి. వడ్డన వేళ చేస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చెప్పాల్సిన వరస: తేదీ, గంట, ఎంతమంది, ఎంతమంది శాకాహారులు, ఏ అలెర్జీ, బల్ల ఎంతసేపు మనది, బిల్లు విడివిడిగా కట్టొచ్చా. ఫ్రెంచ్ రాకపోతే "బోన్‌జూర్" అని మొదలుపెట్టి ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్ళండి. ఆ పలకరింపు లేకుండా నేరుగా ఇంగ్లిష్ మొదలుపెడితే అవతలి గొంతు మారిపోవడం మీకే వినిపిస్తుంది.

పెద్ద బృందానికి "మెనూ ద గ్రూప్" అని స్థిరధర భోజనం అంటగట్టొచ్చు: రెండు మూడు ఎంపికలు, తలకి ఇంత అని. దానికి ఒప్పుకోవడమే మంచిది, ఎనిమిది పళ్ళాలు ఒకేసారి బల్ల మీదికి రావాలంటే అదే దారి. కాకపోతే శాకాహార ఎంపిక ఏంటో రాతపూర్వకంగా తెప్పించుకోండి. "ఏదో ఒకటి చేస్తాం" అన్న జవాబు వస్తే వచ్చేది ఉడికించిన కూరగాయలే.

కార్డు నంబరు తీసుకునేవాళ్ళు పెరిగారు. చెప్పకుండా మానేస్తే తలకి ఇంత అని కోత పడుతుంది. ఎనిమిది మంది కాస్తా ఆరుగురైతే కనీసం ఒకరోజు ముందు తెలియజెయ్యండి. ఇంకో మాట, పావుగంట దాటి ఆలస్యమైతే బల్ల వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. మన టైము అక్కడ చెల్లదు.

6. బల్ల దగ్గర

లోపలికి అడుగుపెట్టగానే "బోన్‌స్వార్", ఆ తర్వాత ఎవరో వచ్చి చూపించేదాకా నిలబడటం. ఖాళీ బల్ల కనిపించిందని వెళ్ళి కూర్చోకూడదు. వెయిటర్‌ని చిటిక వేసి పిలవకండి, కళ్ళు కలిపి "సిల్ వూ ప్లే" అంటే చాలు.

"ఆంత్రే" మొదటి వంటకం, "ప్లా" అసలు వంటకం. ఫోర్ముల్ అంటే ఆంత్రే-ప్లా లేదా ప్లా-తీపి రెండూ కలిపి ఒక ధర. ఇక్కడ బృందం ముందే ఒక మాట మీదికి రావాలి: అందరూ ఆంత్రే తీసుకోవడం, లేదా ఎవరూ తీసుకోకపోవడం. ముగ్గురు ఆంత్రే తీసుకుని ఐదుగురు తీసుకోకపోతే, వంటగది ఆ ముగ్గురి పళ్ళాలు ఖాళీ అయ్యేదాకా అసలు వంటకాలు పంపదు, ఐదుగురూ బ్రెడ్డు నములుతూ కూర్చుంటారు. మన హోటళ్ళలోలా ఒకటి తిన్నాక ఇంకోటి చెప్పుకుంటూ పోవడం కుదరదు, ఆంత్రే, ప్లా ఒకేసారి చెప్పాలి.

మాంసం తినేవాళ్ళకి. స్టేక్ అడిగితే ఎలా కాల్చాలో అడుగుతారు: బ్లె అంటే దాదాపు పచ్చి, సెన్యాన్ అంటే రక్తం కారేలా, ఆ ప్వాన్ అంటే మధ్యలో ఎర్రగా, బ్యాన్ క్వీ అంటే బాగా కాల్చింది. అక్కడి ఆ ప్వాన్ మనం ఊహించుకునేదానికంటే ఒక మెట్టు పచ్చిగా ఉంటుంది. బ్యాన్ క్వీ అంటే మాంసం చెప్పుతోలై వస్తుంది, వంటవాడికి కూడా మనసొప్పదు. ఎర్రదనం కంటికి పడనివాళ్ళు స్టేక్ మానేసి నెమ్మదిగా ఉడికేవి ఎంచుకోవాలి: కోన్ఫి ద కనార్ (దాని కొవ్వులోనే ఉడికిన బాతు కాలు), సూరీ దాన్యో (గొర్రెపిల్ల వెనకకాలి పిక్క, ఎముక నుంచి ఊడొచ్చేలా), బఫ్ బుర్గిన్యోన్. మటన్ ప్రియులు సూరీ దాన్యో ఒక్కటి గుర్తుపెట్టుకున్నా ఆ రాత్రికి దిగులుండదు. బాతు రొమ్ము మాగ్రే, గొర్రె పక్కటెముకలు, టూనా "మి-క్వీ" ఇవన్నీ అడక్కపోతే గులాబీరంగులోనే వస్తాయి.

పొరపాట్లు జరిగే పేర్లు రెండున్నాయి. తార్తార్ అంటే పచ్చి బీఫ్ ఖైమా, పైన పచ్చి గుడ్డుసొన. అసలు వండరు. ఆందుయెత్ పేరు ముద్దుగా ఉంటుంది గానీ పంది పేగుల సాసేజ్, వాసన బల్లంతా కమ్ముకుంటుంది. బోటి కూర ఇష్టంగా తినేవాళ్ళు ధైర్యం చెయ్యొచ్చు, మిగతావాళ్ళు పక్కన కూర్చోవడానికి కూడా ఆలోచించుకోవాలి.

శాకాహారులకి మామూలు బిస్ట్రోలో దొరికేవి: మేకపాల చీజ్ వేడిచేసి పెట్టిన షెవ్ర్ షో సలాడ్ ("సాన్ లార్దోన్" అని చెప్పి), గ్రాతాన్ దోఫిన్వా (ఆలూ, మీగడ, వెల్లుల్లి), చీజ్ కూరిన రవియోల్, రాటాటూయ్ (కలిపి ఉడికించిన కూరగాయలు), శరత్కాలంలో పోతిమారోన్ సూప్, అదీ కోడి రసం లేదని తేల్చుకున్నాకే. పక్కవంటకాల్లోంచి రెండు మూడు కలిపి ఒక పళ్ళెంగా ఇమ్మంటే చాలామంది ఇస్తారు. కారం ఉండదు. డీజోన్ ఆవాల ముద్ద అడగండి, ముక్కులోకి ఎక్కేంత ఘాటుంటుంది. బ్యాగులోంచి ఆవకాయ తియ్యడం మాత్రం హోటల్ గది దాకా ఆపుకోండి.

తీపికి, కాఫీకి మధ్య తేల్చుకోలేకపోతే కఫే గుర్మాన్ తీసుకోండి: ఒక ఎస్ప్రెసో, చుట్టూ మూడు నాలుగు బుల్లి తీపి వంటకాలు. ఒకరి పళ్ళెంలోంచి ఇంకొకరు తీసుకున్నా ఎవరూ ఏమీ అనుకోని ఘట్టం ఇదొక్కటే.

7. నీళ్ళు, వైన్, బిల్లు

నీళ్ళు అడిగితే సీసా నీళ్ళు తెచ్చి 5 నుంచి 8 యూరోలు వేస్తారు. "కారాఫ్ దో" అనండి, కుళాయి నీళ్ళు ఉచితం. అవి ఉచితమని మెనూలో రాయాల్సిన నిబంధన 2022 నుంచి ఉంది. బ్రెడ్డు కూడా ఉచితమే, అయిపోతే మళ్ళీ అడగొచ్చు.

75 సెంటీలీటర్ల వైన్ సీసాలో ఆరు గ్లాసులొస్తాయి. తాగేవాళ్ళు నలుగురికి తక్కువైతే సీసా బదులు పిషే అడగండి: 25 లేదా 50 సెంటీలీటర్ల కూజాలో ఇంటి వైన్. తాగనివాళ్ళు కోకాకోలా తెప్పించుకుంటే వైన్ గ్లాసుకి దగ్గరగా ఖర్చవుతుంది. దానికన్నా సిత్రోన్ ప్రెసే నయం, నిమ్మరసం, నీళ్ళు, పంచదార విడివిడిగా ఇస్తారు, మీరే కలుపుకోవాలి. క్రెపరీలో సిద్రు అడిగితే యాపిల్ రసం అనుకోకండి. తియ్యటి రకంలో మూడు శాతం లోపు, బ్రూత్ రకంలో నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది.

బిల్లు అడిగితేనే వస్తుంది: "లడిసియోన్, సిల్ వూ ప్లే". మెనూ ధరలోనే పన్ను, సర్వీసు రెండూ కలిసి ఉంటాయి. "సర్వీసు వేరే" అని ఎవరైనా చెబితే అది పర్యాటకుల కోసం కల్పించిన మాట. కార్డు యంత్రం మీద టిప్పు శాతాలు కనిపిస్తే సున్నా నొక్కడంలో నామోషీ లేదు. బాగా చూసుకున్నారనిపిస్తే తలకి ఒకటి రెండు యూరోలు నాణేలుగా బల్ల మీద వదలండి.

ఎనిమిది మందికి ఎవరు తిన్నది వాళ్ళకి అని వెయిటర్ చేత లెక్క వేయించడం గగనం. సమానంగా పంచమంటే యంత్రం తిప్పుకుంటూ వచ్చేస్తాడు. సలాడ్ తిన్నవాళ్ళకి అన్యాయం జరిగితే ఆ తేడా మీలో మీరు తర్వాత సర్దుకోండి. ఐఫిల్ టవర్ టికెట్లకి 2024 నుంచి యూపీఐ నడుస్తోంది కదా అని రెస్టారెంట్లో దాన్ని నమ్ముకోకండి. మన కార్డు పెట్టగానే యంత్రం రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కాలి, రూపాయలు నొక్కితే మారకం రేటులో బాదుతారు.

8. తిరుగు ప్రయాణం

మెట్రో మామూలు రోజుల్లో రాత్రి ఒంటిగంటా పావు ప్రాంతంలో, శుక్ర, శని రాత్రుల్లో రెండుంపావు ప్రాంతంలో ఆగిపోతుంది. ఆ గంట చివరి రైలు చివరి స్టేషన్‌కి చేరేది, మీరు ఎక్కేది కాదు. మధ్యలో మారాల్సి ఉంటే అరగంట ముందే కదలండి. శివార్లలో ఉండేవాళ్ళు ఆర్‌ఈఆర్ చివరి రైలు సమయం రెస్టారెంట్ బుక్ చేసే రోజే చూసుకుని, దాన్నిబట్టి విడత ఎంచుకోవాలి. తప్పిపోతే పన్నెండున్నర నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా నోక్తీలియన్ రాత్రి బస్సులుంటాయి, వాటిలో చాలా రూట్లు నగరం నడిబొడ్డున ఉన్న షాత్లే మీదుగా పోతాయి.

ఇంత చేసినా బృందంలో ఒకరు ఆకలితోనే లేచే అవకాశం ఉందనిపిస్తే, రెస్టారెంట్‌ని గార్ ద్యు నోర్ స్టేషన్‌కి నడక దూరంలో, 10వ అరోందిస్మాన్‌లోనే చూసుకోండి. స్టేషన్ వెనక లా షాపెల్ వైపు శ్రీలంక తమిళుల కొట్లు, దోసె హోటళ్ళు వరసగా ఉంటాయి. అవి ఎన్నింటి దాకా వండుతాయో కూడా ముందే చూసి పెట్టుకోండి, రెండో విడత ముగించుకుని వెళితే పొయ్యి ఆర్పేసి ఉండొచ్చు.